క్వీన్స్‌లాండ్ ఎండ, స్కిన్ క్యాన్సర్: మనవాళ్లు ఎంత భయపడాలి?

నవీన్, ఇప్స్‌విచ్:

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి ఆస్ట్రేలియాకు 482 ఉద్యోగ వీసా మీద వచ్చి ఇంకా నెల కాలేదు. నేను, మా ఆవిడ, ఈమధ్యే ప్రెప్‌లో (ఒకటో తరగతికి ముందు క్లాసు) చేరిన పాప. ఆఫీసులో నా పక్క సీటాయన మొన్న చెవికి కట్టుతో వచ్చాడు. ఏమైందని అడిగితే స్కిన్ క్యాన్సర్ తీయించుకున్నానని, ఇది మూడోసారని చెప్పి తన పనిలో తాను పడిపోయాడు. అప్పటినుంచి ఇంటర్నెట్‌లో చదువుతున్నకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఇంతమంది ఆస్పత్రి పాలవుతున్నారు, చనిపోతున్నారు. మా మామగారేమో ఫోన్‌లో "రోహిణీ కార్తె ఎండలు చూసినవాడివి, నీకేమిటయ్యా" అంటున్నారు. నలుపు రంగు వాళ్లకు రాదంటారు, నిజమేనా? పాపకు రోజూ సన్‌స్క్రీన్ రాయాలా?

లక్ష్మి, బ్రిస్బేన్:

నవీన్ గారూ, ముందుగా స్వాగతం. నేను ఇక్కడ స్కిన్ క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీరు చదివినవి నిజమే. ఆస్ట్రేలియాలో ముగ్గురిలో ఇద్దరికి 70 ఏళ్లు నిండేలోపు ఏదో ఒక రకం స్కిన్ క్యాన్సర్ వస్తుందని క్యాన్సర్ కౌన్సిల్ లెక్క. అన్నిటికన్నా ప్రమాదకరమైన మెలనోమా అనే రకం ఒక్కటే ఏటా 16,000 మందికి పైగా బయటపడుతోంది. అన్ని రకాలూ కలిపి ఏటా 2,000 మందికి పైగా చనిపోతున్నారు. మెలనోమాలో దేశంలో మన క్వీన్స్‌లాండే ముందుంది.

ఇక ఆస్పత్రి అడ్మిషన్లు ఏడాదికి లక్ష దాటుతాయి. ఆ అంకె చూసి బెదరకండి. వాటిలో చాలావరకు బేసల్ సెల్, స్క్వామస్ సెల్ అనే రెండు రకాలవే. పొద్దున వెళ్లి తీయించుకుని, కుట్లు వేయించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. మీ ఆఫీసాయన చెవిది కూడా అలాంటిదే అయ్యుంటుంది. అసలు భయపడాల్సింది మెలనోమాకి. మొదట్లోనే దొరికితే దాదాపు అందరూ బతికి బయటపడతారు. చర్మం లోతుకు దిగి లింఫ్ గ్రంథులకు పాకితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ వచ్చాక ముదిరినవాళ్లలోనూ చాలామంది బతుకుతున్నారు. ఆ పరిశోధన చేసిన సిడ్నీ డాక్టర్లు జార్జినా లాంగ్, రిచర్డ్ స్కోల్యర్‌లకే 2024లో 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' ఇచ్చారు.

మీ మామగారి మాటకొస్తే, వేడి వేరు, చర్మాన్ని దెబ్బతీసే యూవీ (అతినీలలోహిత కిరణాలు) వేరు. నిజానికి గుంటూరులో కూడా యూవీ తక్కువేమీ కాదు. తేడా అంతా చర్మంలో ఉంది. ఇంగ్లండ్, ఐర్లండ్, స్కాట్లండ్ లాంటి చలి దేశాల జనం వచ్చి ఈ ఎండలో కాపురాలు పెట్టారు. వాళ్ల చర్మం దీనికి తట్టుకునేది కాదు. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ఆ ముగ్గురిలో ఇద్దరు అనే లెక్క మనకు వర్తించదు, మనకు ముప్పు చాలా తక్కువ.

కానీ "మనకు రాదు" అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మనలాంటి రంగువాళ్లకు వచ్చే మెలనోమా తరచుగా ఎండ తగలని చోటే వస్తుంది. అరికాల్లో, అరచేతిలో, గోటి కింద. బాబ్ మార్లే పోయింది దీనితోనే. కాలి బొటనవేలి గోటి కింద మొదలైంది, 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు. ఎవరూ అటు చూడరు, చూసినా ఆనెకాయ అనుకుంటారు, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందనుకుంటారు. అందుకే రావడం తక్కువైనా, వచ్చినప్పుడు ఆలస్యంగా బయటపడుతుంది. ఆ ఆలస్యమే చంపుతుంది.

గోళ్ల మీద సన్నటి నల్లచారలు మన రంగువాళ్లలో మామూలే, నాలుగైదు వేళ్లకు ఉంటే సాధారణంగా కంగారు పడక్కర్లేదు. ఒక్క గోటికే చార వచ్చి, అది రానురాను వెడల్పవుతున్నా, నలుపు గోరు దాటి పక్కన చర్మం మీదికి పాకినా ఆ వారమే డాక్టరుకు చూపించండి. ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను, గోరింటాకు, నెయిల్ పాలిష్ ఎప్పుడూ ఉంటే గోరు రంగు కనపడదు. మధ్యమధ్యలో కొన్నాళ్లు మానేసి ఓసారి చూసుకోండి.

శ్రీధర్, బండబర్గ్:

లక్ష్మి గారు చెప్పినదానికి నాది చిన్న చేర్పు. ఆఫీసు ఉద్యోగమైతే సరేగానీ, మన స్టూడెంట్స్ చాలామంది ఇక్కడ పొలాల్లో పనికి వస్తున్నారు, సిటీలో బైక్ మీద డెలివరీలు చేస్తున్నారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండలోనే. వాళ్లకు మెలనిన్ ఒక్కటే సరిపోదు. నిండు చేతుల చొక్కా, మెడ కప్పే టోపీ తప్పనిసరి. క్రికెట్ టోపీ చెవుల్నీ మెడనీ కాపాడదు. ఇంకోటి, కళ్లద్దాలు. కంట్లో కండ పెరగడం ఇక్కడ బాగా ఎక్కువ, దానికీ యూవీనే కారణం. ఎండలో పనిచేసేవాళ్లు ఆ పనికోసం కొన్న సన్‌స్క్రీన్, టోపీ, సన్‌గ్లాసెస్ ఖర్చు ట్యాక్స్ రిటర్న్‌లో చూపించుకోవచ్చు. బిల్లులు దాచుకోండి.

లక్ష్మి, బ్రిస్బేన్:

నిజం శ్రీధర్ గారూ. నవీన్ గారి పాప సంగతి మిగిలిపోయింది.

పిల్లల విషయంలో నేను కాస్త గట్టిగానే ఉంటాను. బ్రిటన్ నుంచి వలస వచ్చినవాళ్ల మీద చేసిన అధ్యయనాల్లో, పదేళ్లలోపు వచ్చిన పిల్లలకు ముప్పు ఇక్కడ పుట్టినవాళ్లతో సమానంగా, పెద్దయ్యాక వచ్చినవాళ్లకు చాలా తక్కువగా కనిపించింది. అది తెల్లవాళ్ల లెక్కే అయినా, చిన్నప్పటి ఎండ లెక్కలోకి వస్తుందని అర్థమవుతోంది కదా. స్కూల్లో "నో హ్యాట్, నో ప్లే" అంటారు, టోపీ మర్చిపోతే ఆ రోజు నీడలో కూర్చోబెడతారు. పాప బ్యాగులో ఇంకో టోపీ పెట్టేయండి.

రోజూ సన్‌స్క్రీన్ సంగతి. 2024 మొదట్లో ఇక్కడి వైద్యసంస్థలు చర్మం రంగును బట్టి సలహాలు వేరు చేశాయి. బాగా నల్లటి చర్మమైతే ఎక్కువసేపు బయట ఉండే రోజుల్లో తప్ప రోజూ రాయనక్కర్లేదన్నారు. మధ్యరకం రంగువాళ్లు విటమిన్ డికి సరిపడా ఎండ తగలనిచ్చి, ఆపైన జాగ్రత్త పడాలి. మనవాళ్లలో ఈ రెండు రకాలూ ఉన్నారు, ఒకే ఇంట్లోనే ఉంటారు. నాకు తెలిసి మనలో చాలామందికి ఇక్కడ సన్‌బర్న్ కన్నా విటమిన్ డి తక్కువ కావడమే పెద్ద సమస్య. ఇల్లు, కారు, ఆఫీసు, మళ్లీ ఇల్లు. నల్లటి చర్మం వాళ్లకు మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే, అది విటమిన్ డి టెస్టుకు డబ్బు ఇస్తుంది.

ఫోన్‌లో సన్‌స్మార్ట్ యాప్ వేసుకోండి, ఉచితం. యూవీ సూచిక 3, ఆపైన ఉండే వేళలు, అంటే జాగ్రత్త పడాల్సిన వేళలు చూపిస్తుంది. బ్రిస్బేన్‌లో వేసవి మధ్యాహ్నం ఆ సూచిక 11 దాటుతుంది, జూలై చలిలో కూడా 3 దాటుతుంది. బీచ్, పూల్, క్రికెట్ మ్యాచ్ రోజున అందరూ రాసుకోవాల్సిందే. ఎస్‌పీఎఫ్ 50 ప్లస్, బయటికి వెళ్లడానికి 20 నిమిషాల ముందు, మళ్లీ రెండు గంటలకోసారి. ఒక్కో చేతికీ కాలికీ టీస్పూనుడు పట్టాలి, చుక్క తీసి ముఖానికి పూస్తే లాభం లేదు. ట్యూబ్ కారులో వదిలేయకండి, వేడికి పాడైపోతుంది.

ఇదంతా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు నాంబోర్ గురించి చెబుతుంటాను. మనకు గంటన్నర దూరంలోని ఆ ఊరిలో 1992లో 1,621 మందిని తీసుకుని, సగంమందికి రోజూ సన్‌స్క్రీన్ ఇచ్చారు. స్క్వామస్ సెల్ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది. ట్రయల్ ముగిశాక మరో పదేళ్లు గమనిస్తే, రోజూ రాసుకున్నవాళ్లలో 11 మందికి, మిగతావాళ్లలో 22 మందికి మెలనోమా వచ్చింది.

రమాదేవి, టూవూంబా:

బాబూ నవీన్, రేపు మీ అమ్మానాన్నలు వస్తే వాళ్ల కాళ్లు కూడా చూడు. షుగర్ ఉన్నవాళ్లకు అరికాలి పుండు మానకపోతే షుగర్ వల్లేలే అని ఊరుకుంటాం. మా చుట్టాల్లో ఒకాయనకు అలాగే నెలల తరబడి కట్లు కట్టి, చివరికి ముక్క తీసి పరీక్షకు పంపితే మెలనోమా అని తేలింది. మానని పుండు దేనివల్లో పరీక్ష చేసి చెప్పమని మనమే అడగాలి.

నవీన్, ఇప్స్‌విచ్:

అందరికీ చాలా థాంక్స్. ఒక్క సందేహం, మా ఆవిడ వీపు మీద ఒక పుట్టుమచ్చ ఈ ఏడాది పెద్దదైనట్టుంది. మాకు మెడికేర్ లేదు కదా, ఎక్కడ చూపించాలి?

లక్ష్మి, బ్రిస్బేన్:

మారుతున్న మచ్చ అంటే ఆగకండి, ఈ వారమే దగ్గర్లోని జీపీకి (మామూలు ఫ్యామిలీ డాక్టరుకు) చూపించండి. చాలామంది జీపీలు డెర్మటోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపే లెన్సుతో) అక్కడే చూస్తారు. అవసరమైతే మచ్చ తీసి పరీక్షకు పంపుతారు. మీ ఓవర్సీస్ విజిటర్ కవర్‌లో (వీసా మీద వచ్చినవాళ్ల ప్రైవేటు ఆరోగ్య బీమాలో) జీపీ ఫీజు ఎంత తిరిగొస్తుందో, బయాప్సీ, పాథాలజీ కవర్ అవుతాయో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పాలసీకి ముందునుంచీ ఉన్న సమస్య అంటే ఆస్పత్రి ఖర్చుకు సాధారణంగా 12 నెలలు ఆగాలంటారు, కాబట్టి అది కూడా స్పష్టంగా అడగండి. అపాయింట్‌మెంట్‌కు వెళ్లేముందు ఆ మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి. గుంటూరులో తీసిన పాత ఫోటోల్లో అది కనపడితే అవి కూడా పట్టుకెళ్లండి, డాక్టరుకు బాగా పనికొస్తాయి.