“గంగకుం జని...” ఏ గంగకు?

వానచినుకు:
రెండు రోజులుగా ఒక ముక్క నోట్లో నానుతోంది. పోతన భాగవతం అవతారికలో (పీఠికలో) చంద్రగ్రహణం నాటి వచనం. “అభ్రంకష శుభ్ర సముత్తుంగ...” తర్వాత “తరంగ యగు గంగకుం జని” అనేనా? పుస్తకం ఊళ్ళో ఉండిపోయింది. ఇంతకీ ఆ గంగ ఏ గంగ?

ఛందస్సు మాస్టారు:
తరంగ కాదు, భంగ. “సముత్తుంగభంగ యగు గంగకుం జని క్రుంకులిడి”. భంగమంటే ఇక్కడ అల.

మంథనివాసి:
ఏ గంగ అని సందేహమెందుకు? మా వైపు గోదావరి స్నానానికి వెళ్ళడాన్ని ఇప్పటికీ గంగకు పోవడమనే అంటారు. బమ్మెర మనిషి గ్రహణస్నానానికి ఇంకెక్కడికి వెళ్తాడు?

చెయ్యేటిగట్టు:
బమ్మెర ఇంటిపేరండీ. ఆ తర్వాతే “ఏకశిలానగరంబునకుం జనుదెంచి” అన్నాడు. అది ఒంటిమిట్ట.

మంథనివాసి:
అది ఓరుగల్లు. ఏకశిలలో ఉన్నది రాయి. మీ ఊరి పేరులో మిట్టే ఉంది, రాయి ఏదీ?

ఛందస్సు మాస్టారు:
పోతనది ఏ ఊరన్న ఈ ఏకశిల తగవు తాతల నాటిది, ఇక్కడ తెమలదు. గంగ దగ్గరే ఉందాం. శ్రీశైలంలో మెట్లు దిగి పాతాళగంగ అంటూ మునిగేది కృష్ణలో. తిరుమల ఆకాశగంగ ఒక జలధార. ప్రాణహితకు నీళ్ళిచ్చే పెన్‌గంగ, వైన్‌గంగ హిమాలయం ముఖం ఎరగవు. సింహళంలోనైతే గంగ అంటే నది అనే అర్థం. వారి పెద్ద నది మహవెలి గంగ.

చెయ్యేటిగట్టు:
తెలుగుగంగను మరిచారు. మా జిల్లా మీదుగా మద్రాసుకు పారేది కృష్ణ నీరే.

వానచినుకు:
అయితే కాశీ గంగ ఎందుకు కాకూడదు?

చెయ్యేటిగట్టు:
“సోమోపరాగంబు రాకఁ గని” అన్నాడు కదా. గ్రహణం రావడం చూసి బయలుదేరిన మనిషి కాశీకి ఎప్పుడు చేరాలి? బమ్మెర నుంచి గోదావరి కూడా రాత్రికి రాత్రి నడిచే దూరం కాదు. ఒంటిమిట్ట నుంచి పెన్న అయితే దగ్గర.

ఛందస్సు మాస్టారు:
పెన్నను గంగ అనడం నేనెక్కడా వినలేదు. పైగా “రాకఁ గని” అంటే ఆకాశంలో చూసే కనాలా? పంచాంగంలో కనకూడదా? వెంటనే “సజ్జనానుమతంబున” అన్నాడు. పెద్దలను అడిగేంత తీరిక ఉంది. అసలు అందం “రాకానిశాకాలంబున” దగ్గర ఉంది. రాకా అంటే పున్నమి. ఆ వెంటే గ్రహణం “రాక”. మహేశ్వరుణ్ణి ధ్యానిస్తూ కూర్చున్నవాడికి రాముడు కనబడిన చోట, మాటలు కూడా ఒకటి అనుకుంటే మరొకటై ఎదురవుతాయి. ఈ వచనం కోసం వంద పద్యాలు వదులుకుంటాను.

తుమ్మెద:
ఎవరూ నవ్వకండి. “సముత్తుంగ” లో తుంగ ఉంది. తర్వాత కనబడినవాడు “రామభద్రుండ” అన్నాడు. తుంగ, భద్ర! కవి నది పేరు దాచిపెట్టాడని నా అనుమానం.

మంథనివాసి:
నవ్వాను.

ఛందస్సు మాస్టారు:
తుంగ, భంగ, గంగ. మూడు “ంగ” లు వరసగా అలల్లా కొడుతున్నాయి. అక్కడ పేరు నిర్ణయించింది భూగోళం కాదు, చెవి. గోదావరి అని పెడితే ఆ వచనం నడుం విరుగుతుంది.

మంథనివాసి:
అందుకే కదా మాస్టారూ, మేము గోదావరి అనం, గంగ అంటాం!