అప్‌డేట్: ట్రావెలర్ బుక్ చేశాం

వ్యాన్ కొనాలంటే టాటా వింగరా, ఫోర్స్ ట్రావెలరా, మిగతా రోజుల్లో కూరగాయల లోడు వేసి శనివారాలు మాలకొండ గుడికి జనాన్ని తిప్పొచ్చా అని కావలి నుంచి అడిగాను కదా, సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. ఒకే బండితో రెండు పనులూ కుదరవు. గూడ్స్‌గా రిజిస్టర్ చేస్తే కిరాయికి మనుషుల్ని ఎక్కించకూడదు, ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పెద్ద చిక్కు. అందుకే సరుకు మాట వదిలేశాం.

వింగర్‌ది ముందు చక్రాల డ్రైవ్, పెద్దవాళ్లు సులువుగా ఎక్కి దిగుతారు, హైవే మీదే తిరిగేవాళ్లకి అదే నయమని ఇప్పటికీ అంటాను. కానీ మాది నిండా జనంతో కొండెక్కే పని, వెనక చక్రాలు తోసే ట్రావెలరే నాకు ధైర్యం, పైగా ఇక్కడి మెకానిక్కులకి చేయి తిరిగిన బండి. పన్ను సీట్ల లెక్కన పడుతుంది కాబట్టి ఎన్ని సీట్లు పెట్టించాలో నాన్నతో ఇంకా తేలలేదు.