ఒకే వాక్యంలో రెండు షుగర్లు

మొన్న మా చెల్లెలి కాన్పప్పుడు ఆసుపత్రిలో ఉన్నాను. బాబు పుట్టి రెండు గంటలైంది. నర్సు మడమ మీద సూదితో గుచ్చి, బొట్టు నెత్తురు పట్టీకి తాకించింది. మిషన్‌లో 34. "అమ్మకు షుగర్ కదా, అందుకే బాబుకు షుగర్ తక్కువగా ఉంది" అంది. మా అమ్మ ముఖం మాడిపోయింది. "పుట్టీ పుట్టగానే షుగరా!" అని, కాసేపటికి తనే తేరుకుని, "పోనీలే, తక్కువే కదా" అని సర్దుకుంది.

నన్ను భయపెట్టింది అమ్మ అన్న ఆ రెండో మాటే. తెలుగులో షుగర్ చక్కెర కాదు, జబ్బు పేరు. బీపీ కూడా అంతే, ఉందంటే ఎక్కువ ఉన్నట్టే. కనుక "షుగర్ తక్కువ" అంటే జబ్బు కొద్దిగానే ఉందని శుభవార్త! దీనికి సరైన మాట ఏముంది?

జవాబు: పసిపిల్లల వార్డులో పనిచేస్తాను, ఈ తికమక రోజూ చూస్తాను. తల్లికి షుగర్ ఉంటే, ఆమె నెత్తుటిలో ఎక్కువైన చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని అరాయించుకోవడానికి బిడ్డ ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుంటుంది. బొడ్డు కోయగానే చక్కెర ఆగిపోతుంది, ఇన్సులిన్ వెంటనే తగ్గదు. తొలి గంటల్లో కొంత తగ్గడం ఏ బిడ్డకైనా సహజమే. బాగా పడిపోయి, అలాగే ఉండిపోతే ముప్పు, ఫిట్స్ దాకా వస్తే మరీను. అప్పుడు ఎక్కువగా దెబ్బతినేది మెదడు వెనుక భాగం, చూపును గ్రహించే చోటు. మరి వైద్యం అందిన పిల్లల సంగతి? న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. పుట్టినప్పుడు చక్కెర తగ్గినవాళ్లకూ తగ్గనివాళ్లకూ రెండేళ్లకు తేడా లేదు. నాలుగున్నరేళ్లకు, చక్కెర తగ్గిన పిల్లల్లో కంటికీ చేతికీ పొందికలోనూ, "ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్"లోనూ వెనుకబాటు ఎక్కువగా కనిపించింది. తొమ్మిది, పదేళ్లకు బడి చదువులో మళ్లీ తేడా లేదు. అందుకే "మెదడు దెబ్బతింటుంది" అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు నచ్చదు.

జవాబు: ఆ ఇంగ్లీషు మాటకు "కార్యనిర్వాహక సామర్థ్యం" అని ఒకచోట చదివాను. దేవస్థానం కార్యనిర్వహణాధికారి కళ్లముందు మెదిలాడు! నిగ్రహం అందామంటే సగమే వస్తుంది. ఆగడం, చెప్పింది గుర్తుంచుకోవడం, ఒక పద్ధతి వదిలి ఇంకోదానికి మారడం, మూడూ ఉండాలి. విడమరిచి చెప్పడమే మేలు.

ఇక అసలు ప్రశ్నకు నా ఓటు "గ్లూకోజు పడిపోయింది"కి. గ్లూకోజు అంటే మన ఇళ్లలో ఓపిక, నీరసించినవాళ్లకు ఎక్కించేది. అది తగ్గిందంటే ఎవరూ సంతోషించరు. "తక్కువగా ఉంది"లో తొందర లేదు, "పడిపోయింది"లో ఉంది.

జవాబు (వార్డు నుంచే): ఒప్పుకుంటాను. కాకపోతే ఆ మాట వినగానే పంచదార నీళ్లు కలిపే పెద్దలు, తేనె నాకించే పెద్దలు ఉన్నారు. ఏడాది నిండనిదే తేనె అసలు వద్దు. కాబట్టి "గ్లూకోజు పడిపోయింది, ముర్రుపాలు పట్టండి" అని రెండూ ఒక్క ఊపిరిలో చెప్పాలి. పాలతో పెరగకపోతే బుగ్గ లోపల గ్లూకోజు జెల్లు రాయడమో, నరం ద్వారా గ్లూకోజు ఎక్కించడమో మేం చూసుకుంటాం.

మొదట అడిగిన నేనే: ముర్రుపాలు పట్టాక బాబుకు 52 వచ్చింది. ఈ రాత్రి అమ్మకు మీ మాటల్లోనే చెప్పాను. "గ్లూకోజు చాలలేదా? ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదా, షుగర్ అని నా గుండె ఆపేశారు" అంది.