అర్జెంట్: డిసెంబరు 18న అరబిక్ దినోత్సవం, హాల్ పోయింది

(ఖతార్‌లో ఉంటున్న మనవాళ్ళ గ్రూపులో మాటలివి. మాస్టారికి తప్ప, పేర్లకు బదులు ఎవరుండే ప్రాంతం పేరు వాళ్ళకు పెట్టాం.)

నజ్మా: అందరికీ నమస్కారం. స్కూల్ వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. 18న ఆడిటోరియం ఇవ్వలేరట, నేషనల్ డే కార్యక్రమం వాళ్ళే పెట్టుకుంటున్నారట. అడ్వాన్స్ వాపసు ఇస్తామన్నారు. మిగిలిన పనులు ఇవీ: బ్యానర్ (అరబిక్ అక్షరాలు కలవకుండా విడివిడిగా, పైగా ఎడమ నుంచి పడుతున్నాయి, ఎవరైనా సరిచేయండి), ఆహ్వానాలు, సౌండ్, పిల్లల డాన్సులు, మాస్టారి ఉపన్యాసం, భోజనాలు. బ్యానర్ రేపు సాయంత్రానికి ప్రింటింగ్‌కి వెళ్ళాలి. దాని మీద ఏ చోటని రాయమంటారు?

మన్సూరా: ఖతార్‌లో 18న హాళ్ళు దొరకవని మొదటి మీటింగ్‌లోనే చెప్పాను. ఎవరూ వినలేదు.

నజ్మా: ఆ తేదీ మనం పెట్టింది కాదు అన్నా. 1973లో ఐక్యరాజ్యసమితి అరబిక్‌ను తన అధికార భాషల్లో చేర్చుకున్నది డిసెంబరు 18నే. 2012 నుంచి యునెస్కో ఆ రోజే జరుపుతోంది. తేదీ మారిస్తే ఇది మామూలు కల్చరల్ నైట్ అయిపోతుంది.

మన్సూరా: అయితే హోటల్ హాల్ తీసుకుందాం. ఖర్చు తలా కొంత వేసుకుందాం.

వక్రా: తలా కొంత అంటే ఎవరు వేస్తారన్నా? పోయినేడాది సంగతి నాతో మళ్ళీ ఎత్తించకండి.

మన్సూరా: ఎత్తండి. లెక్కలన్నీ నా దగ్గరున్నాయి. నా మాటకు విలువ లేకపోతే గ్రూపులో ఉండి ఏం లాభం?

వక్రా: విలువ లేదని ఎవరన్నారు? పిల్లలు రోజూ ప్రాక్టీస్ చేస్తున్నారు. వాళ్ళకేం చెప్పాలో తెలియక నా టెన్షన్ నాది.

బిన్ ఉమ్రాన్: అన్నా, అక్కా, నాదొక మాట. హాల్ దొరికినా 18న నాకు సెలవుండదు. మా కఫీల్ (పని ఇచ్చిన యజమాని) ఇంటివాళ్ళను నేషనల్ డే వేడుకలు జరిగే దర్బ్ అస్సాయికి తీసుకెళ్ళాలి. ఇళ్ళల్లో డ్రైవర్లుగా, వంటకు ఉన్నవాళ్ళందరికీ ఆ రోజు డ్యూటీయే. మనలో రోజంతా అరబిక్‌లో బతికేది వాళ్ళే. నాకు మొదటి అక్షరం అలిఫ్ రాయడం కూడా రాదు, అంతా చెవితో నేర్చిందే. అయినా మొన్న ఆసుపత్రిలో సూడాన్ డాక్టరుకీ, కొత్తగా వచ్చిన మన కుర్రాడికీ మధ్య నేనే మాట్లాడాను. సైట్‌లో ఈజిప్టు ఫోర్‌మన్‌తో, నేపాల్ వాళ్ళతో మనవాళ్ళు మాట్లాడేదీ ఆ అరబిక్కే. మేమెవరం రాలేని రోజున ఈ పండగ ఎవరికోసం?

మాస్టారు: ముందు నా ఉపన్యాసం తీసేయండి. హైదరాబాదులోని దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థ 1888 నుంచి అరబిక్ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసిందని, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ళ వారసులు హైదరాబాదు బార్కస్ పేటలో ఉన్నారని, 1966 దాకా ఇదే ఖతార్‌లో భారత ప్రభుత్వం వేసిన రూపాయే నడిచిందని చెబుదామనుకున్నాను. అవన్నీ ఇంకో రోజు చెప్పుకోవచ్చు. ఈ బాబు చెప్పింది ఇప్పటి సంగతి. వాళ్ళకు వీలయ్యే రోజే పెట్టుకుందాం.

నజ్మా: సరే మాస్టారూ. ఒక వారం ఆగి పెట్టుకుంటే?

వక్రా: 25 క్రిస్మస్. మా ఇంట్లోనే ఎవరూ రారు.

బిన్ ఉమ్రాన్: 11 శుక్రవారం అయితే చాలామందికి కుదురుతుంది. చోటు సంగతి మా కఫీల్‌ని అడిగి చూస్తా.

(మర్నాడు)

బిన్ ఉమ్రాన్: అడిగాను. 11న మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) తర్వాత వాళ్ళ మజ్లిస్, అంటే అతిథులు కూర్చునే హాలు, వాడుకోమన్నారు. ఆడవాళ్ళకు లోపల వాళ్ళమ్మగారు గది ఇస్తారు. ఖహ్వా (అరబ్బు కాఫీ), ఖర్జూరాలు వాళ్ళవే. స్టేజీ, మైకు మాత్రం వద్దన్నారు. నలభై మందికి మించి పట్టరు.

వక్రా: అంటే డాన్సులు లేనట్టేగా. సరే, పిల్లలకు నేను నచ్చజెబుతా. కానీ వాళ్ళను ఊరికే కూర్చోబెట్టొద్దు. స్కూల్లో అరబిక్ చదువుతున్నారు కాబట్టి రాస్తారు, నోరు మాత్రం తిరగదు. డ్రైవర్ తమ్ముళ్ళకు నోరు తిరుగుతుంది, రాయడం రాదు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడదాం. తమ్ముళ్ళు చెబుతుంటే పిల్లలు రాస్తారు. వంటపని చేసే అక్కలతో లోపల నేను కూర్చుంటా.

మన్సూరా: ఇది బాగుంది అక్కా. నిన్న నేనన్న మాటలు మనసులో పెట్టుకోకండి. కాగితాలు, లావు పాళీ పెన్నులు నేను తెస్తా. మా ఆఫీసులో సిరియా ఆయన ఒకరు ఖత్ (అరబిక్ అందమైన చేతిరాత) చక్కగా రాస్తారు. ఎవరి పేరు వాళ్ళు అరబిక్‌లో రాసుకునేలా చేయి పట్టి నేర్పుతారేమో అడుగుతా. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన కళ అది, మన పిల్లలు దగ్గర్నుంచి చూడాలి.

నజ్మా: బ్యానర్ వాళ్ళకు వద్దని చెప్పేశాను. సౌండ్ వాళ్ళకు కూడా.

మాస్టారు: కఫీల్ గారికి ధన్యవాదాలు ఎవరు చెబుతారు? నేను ఇంగ్లీషులో చెబితే బాగుండదు.

వక్రా: ఆయన్ని అడిగి ఒప్పించినవాడే చెప్పాలి మాస్టారూ.

బిన్ ఉమ్రాన్: చెబుతాను అక్కా. ఇండస్ట్రియల్ ఏరియా నుంచి పన్నెండు మంది వస్తామంటున్నారు, వాళ్ళకు బండి లేదు. 11న ఐదింటికి అటు వెళ్ళగలిగేవాళ్ళు ఎవరున్నారు?

మన్సూరా: నా కార్లో నలుగురు.

నజ్మా: నేనూ వస్తా. ఇంకో కారు కావాలి, ఎవరైనా?