దేవుడు క్షమించిన తరువాత సాటి మనిషికి బాకీ మిగులుతుందా?

చర్చను ప్రారంభించిన సభ్యుడు:
అందరికీ వందనాలు. భాగస్వామిని మోసగించి అతని సొమ్ము కాజేసిన ఒక వ్యక్తి, కొంతకాలానికి ప్రభువును నమ్ముకుని, బాప్తిస్మం పొంది, సంఘంలో సాక్ష్యం కూడా చెబుతున్నాడనుకుందాం. నష్టపోయిన మనిషి వచ్చి తన సొమ్ము అడిగినప్పుడు అతడు మీకా 7:19 చూపించి, "దేవుడు సముద్రపు అగాధాలలో పడవేసిన పాపాన్ని నీవెందుకు పైకి తీస్తున్నావు?" అని ఎదురు ప్రశ్నిస్తాడు. ఇది విశ్వాసమా, విశ్వాసం చాటున దాగడమా? లేఖనాల ఆధారంగా చర్చించవలసిందిగా మనవి.

కృపాశ్రయ:
సొమ్ము తిరిగి ఇవ్వడం మంచిదే. అయితే దానిని పాపక్షమాపణతో ముడిపెట్టినప్పుడు సువార్త సువార్తగా మిగలదు. మనకు విరోధంగా ఉన్న ఋణపత్రాన్ని క్రీస్తు మేకులతో సిలువకు కొట్టాడని కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14 చెబుతున్నది. ఆ చెల్లింపుకు మనం చేర్చగలిగింది ఏమీ లేదు. ఊరియాను చంపించిన దావీదు సైతం 51వ కీర్తనలో "నీకు కేవలము నీకే విరోధముగా" పాపం చేశానని దేవుని ఎదుటనే ఒప్పుకున్నాడు. సిలువ మీది దొంగ ఎవరికి ఏమి తిరిగి ఇచ్చాడు? అతనికి ఆ దినమే పరదైసు వాగ్దానం దొరికింది. పరిహారం చెల్లించనిదే క్షమాపణ నిజం కాదని బోధిస్తే, చెల్లించే శక్తి లేని బీద విశ్వాసి జీవితాంతం భయంతో బ్రతుకుతాడు.

లేఖన విద్యార్థి:
కృపాశ్రయ గారూ, క్షమాపణను ఎవరూ కొనలేరన్న మీ మాటతో నాకు పేచీ లేదు. కానీ ప్రశ్న అది కాదు. దేవుడు క్షమించినప్పుడు దేనిని క్షమించాడన్నది ప్రశ్న. తన పరిశుద్ధతకు విరోధంగా జరిగిన అపరాధాన్ని ఆయన తుడిచివేశాడు. పొరుగువాని సంచిలోని సొమ్మును దొంగకు దానంగా రాసి ఇవ్వలేదు.

లేవీయకాండము 6వ అధ్యాయం ఆరంభం చూడండి. పొరుగువానిని మోసగించినవాడు మూలధనానికి అయిదవవంతు కలిపి సొత్తుదారునికి చెల్లించాలి, అపరాధపరిహారార్థబలి అర్పించే దినాననే చెల్లించాలి. బలిపీఠం దగ్గరికి వెళ్ళడం, సొత్తుదారుని గుమ్మానికి వెళ్ళడం ఒకే దినపు పనులు. అది ధర్మశాస్త్రమే కదా అని మీరు అనవచ్చు. అయితే ప్రభువు కొండమీది ప్రసంగంలో (మత్తయి 5:23-24) అర్పణను బలిపీఠం ఎదుటనే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడి రమ్మన్నాడు. అక్కడ కోపం ఉన్నది అర్పణ తెచ్చినవానికి కాదు, అతని మీద ఏదో అభ్యంతరం ఉన్న అవతలి సహోదరునికి. అంటే నష్టపోయినవాని ఫిర్యాదును దేవుడు తన ఆరాధన కంటే ముందు వరుసలో నిలబెట్టాడు.

దావీదు సంగతి వేరు. ఊరియా అప్పటికే మరణించాడు. తిరిగి ఇవ్వడానికి ఇక మనిషే లేడు. అయినా నాతాను ప్రవక్త "యెహోవా నీ పాపాన్ని పరిహరించాడు" అని చెప్పిన వెంటనే, పుట్టిన బిడ్డ చనిపోతాడని కూడా చెప్పాడు (2 సమూయేలు 12:13-14). క్షమాపణ వచ్చింది, పర్యవసానం తొలగలేదు. సిలువ మీది దొంగకు మేకులు దిగిన చేతులే మిగిలాయి. రెండు చేతులూ స్వేచ్ఛగా ఆడేవారు అతనిని ఉదాహరణగా వాడుకోవడం న్యాయం కాదు.

నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య ఉదంతం (లూకా 19). యేసు అతనిని పేరు పెట్టి పిలిచి, జనులు సణుగుతున్నా అతని ఇంట బస చేశాడు. కృపే ముందు వచ్చింది. ఆ తరువాత జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవానికి నిర్గమకాండము 22:1 విధించిన లెక్క అదే. ఎవరూ అడగకుండానే కఠినమైన లెక్కను తానే ఎంచుకున్నాడు. కృప అతని బాకీని దాచలేదు, దానిని చెల్లించాలన్న ఆనందాన్ని పుట్టించింది.

సంఘచరిత్ర పాఠకురాలు:
ఒక చిన్న చేర్పు. పశ్చాత్తాపంలో ప్రాయశ్చిత్తానికి స్థానం ఉందా అన్న విషయం మీద రోమన్ కతోలిక, ప్రొటెస్టెంట్ సంఘాలు తీవ్రంగా విడిపోయాయి. ప్రొటెస్టెంట్ల పక్షాన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పశ్చాత్తాపానికి పాపదుఃఖం, విశ్వాసం అనే రెండు భాగాలే ఉన్నాయన్నది. 1551లో కతోలికుల ట్రెంట్ మహాసభ పాపదుఃఖం, పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం), ప్రాయశ్చిత్తం అనే మూడింటినీ నిలబెట్టింది. ఇంత విభేదంలోనూ ఆగ్స్‌బర్గ్ ప్రకటన సత్క్రియలు పశ్చాత్తాపానికి ఫలాలుగా వెంట రావాలన్నది. దొంగసొత్తు తిరిగి ఇవ్వడం న్యాయమే కోరే పని అని కతోలిక సత్యోపదేశం నేటికీ చెబుతున్నది. దేవుని క్షమాపణ సాకుతో సొమ్ము ఉంచుకోవచ్చని ఈ రెండింటిలో ఏదీ అనలేదు.

కృపాశ్రయ:
జక్కయ్య ఉదంతంలో కృప ముందు వచ్చిందని మీరే అన్నారు, నాకు అది చాలు. ఫలం అంటే అంగీకరిస్తాను, షరతు అంటే అంగీకరించను. అయినా నా ఆందోళన తీరలేదు: ఇవ్వలేనివాడు ఏం చేయాలి? ఇవ్వవలసిన మనిషి చనిపోతే?

లేఖన విద్యార్థి:
సంఖ్యాకాండము 5:8 దీనిని ముందే ఊహించింది: తీసుకునేందుకు బంధువు లేకపోతే ఆ నష్టపరిహారం యెహోవాకు చెందుతుంది. ఇక నిజంగా ఇవ్వలేనివాడు నష్టపోయినవాని ఎదుట నిలబడి ఆ మాట తానే చెప్పాలి. విడిచిపెట్టే హక్కు అతనిది. దాసుడైన ఒనేసిము వల్ల నష్టమేదైనా ఉంటే తన లెక్కలో వేయమని పౌలు అతని యజమాని ఫిలేమోనుకు రాశాడు (18వ వచనం). బాకీ లేదని రాయలేదు. బీద విశ్వాసి కోసం సంఘమే ఆ పని చేయవచ్చు. అతని భయానికి విరుగుడు అక్కడ ఉంది.

మొదట అడిగిన వ్యక్తి సంగతికి వస్తే, అతడు క్షమాపణ పొందాడో లేదో తీర్పు చెప్పడం నా పని కాదు. సంఘ పెద్దలు మాత్రం అతనిని ఇంకొకసారి సాక్ష్యానికి నిలబెట్టకముందు, తోడుగా ఒకరిని పంపి, ఆ భాగస్వామి ఇంటికి వెళ్ళి రమ్మనాలి.