పరస్పరమా, పరస్వమా? శ్రీశ్రీ పాదం ఒకటి తేల్చి పెట్టండి

గోదారిగట్టు:
'దేశచరిత్రలు'లో "నరజాతి చరిత్ర సమస్తం" తర్వాత వచ్చేది "పరస్పరాహరణోద్యోగం" అనా, "పరస్వాహరణోద్యోగం" అనా? మా నాన్న రెండోదే చదివేవారు, నా చెవిలో అదే ఉండిపోయింది. పుస్తకం ఊళ్లో ఉంది. యుక్రెయిన్ మీద చిన్న సభ పెడుతున్నాం, బ్యానర్ మీద ఈ పాదమే రాయించాలి. దగ్గర పుస్తకం ఉన్నవాళ్లు చూసి చెప్పండి.

మాత్రలబుట్ట:
పుస్తకం ఎందుకండీ, వేళ్లు చాలు. పొట్టి అక్షరానికి (లఘువు) ఒక మాత్ర, పొడుగు అక్షరానికి (గురువు) రెండు. "నరజాతి చరిత్ర సమస్తం" పద్నాలుగు మాత్రలు. "పరపీడన పరాయణత్వం" పద్నాలుగు. "పరస్పరాహరణోద్యోగం" పద్నాలుగు. మీ "పరస్వాహరణోద్యోగం" పదమూడే. నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నా, ఆ 'స్వా' చెల్లదు.

యతిమైత్రి:
మాత్రలబుట్ట గారూ, "రణరక్త ప్రవాహసిక్తం" కూడా లెక్కపెట్టారా? 'ప్ర' ముందున్న 'క్త'ని గురువు చేస్తేనే పద్నాలుగు. సమాసం కాబట్టి సరే, ఒప్పుకుందాం. మరి "బీభత్స రసప్రధానం" సంగతేమిటి? 'స'ని గురువు చేసినా పదమూడే. శ్రీశ్రీ అక్కడ పదమూడుతో నడిచినప్పుడు ఇక్కడ మాత్రం నడవకూడదని ఎవరన్నారు? మాత్రలతో పాఠం తేలదు.

మాత్రలబుట్ట:
అది కొత్త ఎత్తుగడ మొదలయ్యే చోటు. 'బీ' మీద గొంతు ఆగుతుంది. పైకి చదివి చూడండి.

యతిమైత్రి:
గొంతు ఆపితే ఏ పాదమైనా సరిపోతుంది సార్.

కొత్తపేట పాఠకుడు:
నా దగ్గరున్న ప్రతిలో 'పరస్పరాహరణోద్యోగం' అనే ఉంది. ఇక ఆపండి.

ఖమ్మం కుర్రోడు:
అన్నా, ఆపితే ఎట్లా? అసలు సమస్య ఇప్పుడే మొదలైంది. 'పరస్పర' అని బ్యానర్ మీద రాసి యుక్రెయిన్ సభలో కడితే అర్థం ఏమవుతుంది? ఒకరినొకరు దోచుకున్నారని. 2022 ఫిబ్రవరి 24న సరిహద్దు దాటి వచ్చింది ఎవరు? రష్యా పట్టుకున్న యుక్రెయిన్ నగరం ఖెర్సోన్‌లో మార్చి నెలంతా జనం ఖాళీ చేతులతో, జెండాలు పట్టుకుని సైనిక వాహనాలకు అడ్డం పోయి, ఇంటికి పొండి అని అరిచారు. వాళ్లు ఎవరి సొమ్ము ఆహరించారు? ఈ యుద్ధానికి 'పరస్వ'మే, అంటే ఇతరుల సొమ్మే, సరైన మాట. శ్రీశ్రీ రాయకపోతే మీ నాన్నగారు రాశారనుకుందాం.

రాదుగ పాఠకుడు:
కుర్రోడా, అంత తొందరెందుకు? 'పరస్పర' అన్నది ఒక్క యుద్ధం గురించి కాదు, 'సమస్తం' అన్నాడు కదా. ఇవాళ వీడు, రేపు వాడు. నాటో ఏళ్ల తరబడి తూర్పుకి జరుగుతూ వచ్చింది, తూర్పు యుక్రెయిన్ ప్రాంతం దొన్బాస్‌లో 2014 నుంచీ తుపాకులు పేలుతూనే ఉన్నాయి. ఇవన్నీ వదిలేసి ఒక్క తారీఖు పట్టుకుంటే చరిత్ర కాదు. మాస్కో ప్రగతి ప్రచురణాలయం వాళ్ల తెలుగు పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి, రష్యాని తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ మాట దాచను.

ఖమ్మం కుర్రోడు:
మరి 1994లో బుడాపెస్ట్‌లో యుక్రెయిన్‌తో రాసుకున్న కాగితం? అణ్వాయుధాలు వదులుకుంటే మీ సరిహద్దుల్ని గౌరవిస్తామని సంతకం పెట్టినవాళ్లలో రష్యా కూడా ఉంది. ఆ రోజుల మన పుస్తకాల్లో గొగోల్ రష్యన్ రచయిత, అంతే. పుట్టింది యుక్రెయిన్‌లోని పొల్తావా వైపు అని నాకు డిగ్రీకి వచ్చాక తెలిసింది. ఆ పుస్తకాలంటే నాకూ ప్రేమే, మా పెదనాన్న బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. పుస్తకం మీద ప్రేమ ట్యాంకు మీదకి ఎందుకు పోవాలి?

ఉద్యోగపర్వం:
అందరూ 'స్ప' దగ్గరా 'స్వ' దగ్గరా కొట్టుకుంటున్నారు, చివర ఉన్న 'ఉద్యోగం' ఎవరికీ కనపడలేదు. ఇది నెల జీతం ఉద్యోగం కాదు, భారతంలోని ఉద్యోగం. యుద్ధానికి ఆయత్తం కావడం. మనసులో తిక్కన లేకుండా శ్రీశ్రీ ఆ మాట వాడాడంటే నమ్మను. తిక్కన దగ్గరికి వచ్చాం కాబట్టి, మీ బ్యానర్‌కి కావలసిన పద్యం కృష్ణరాయబారంలో ఉంది: "సారపు ధర్మమున్ విమల సత్యము పాపముచేత బొంకుచే..." మిగతాది అందరికీ వచ్చు. "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" దగ్గర ఆగండి: ఊరుకున్న దక్షులకే చేటు అని. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యా సైన్యం వెనక్కి పోవాలన్న తీర్మానానికి 141 దేశాలు అవునన్నాయి, 5 కాదన్నాయి, 35 ఓటెయ్యకుండా కూర్చున్నాయి. ఆ ముప్ఫై అయిదులో మనమూ ఉన్నాం. కొలువులో తల దించుకుని కూర్చున్న భీష్మద్రోణులు గుర్తుకు రాలేదా?

రాదుగ పాఠకుడు:
తటస్థత వేరు, ఉపేక్ష వేరు. తటస్థుడు అంటే ఒడ్డున ఉన్నవాడు. మునిగేవాడికి తాడు విసరగలిగేది ఒడ్డున ఉన్నవాడే. యుద్ధం మొదలైనప్పుడు అక్కడ చదువుకుంటున్న మన పిల్లల్ని వెనక్కి తెచ్చుకోవాలంటే రెండు వైపులా మాట్లాడాల్సి వచ్చింది. ఖార్కివ్‌లో, విన్నిత్సాలో ఎంతమంది తెలుగు మెడికల్ విద్యార్థులుండేవారో మీకు తెలియనిది కాదు.

ఉద్యోగపర్వం:
పిల్లలు వచ్చేశాక? తాడు ఇంకా చేతిలోనే ఉందే.
ఇంకో మాట, 'దక్షులు' దగ్గర కొందరు సమర్థులని, కొందరు నేర్పరులని చెబుతారు. సమర్థులే. నేర్పరి ఊరుకుంటే చేటేమిటి?

యతిమైత్రి:
నేర్పరి ఊరుకోవడమే పెద్ద చేటు. కానీ ఇది వేరే చర్చ.

వోల్గా నుంచి:
నేను మాస్కోలో కొన్నేళ్లు పనిచేసి వచ్చాను, రష్యన్ కొంచెం వచ్చు. ఒక్క అక్షరం మీద కొట్లాట అంటున్నారు కదా, వినండి. అక్కడ దీన్ని 'యుద్ధం' అంటే తంటా, 'ప్రత్యేక సైనిక చర్య' అనాలి. 2022 మార్చి 4న తెచ్చిన చట్టంలో సైన్యం గురించి 'తప్పుడు సమాచారం' చెబితే పదిహేనేళ్ల దాకా జైలు. దాంతో జనం 'నియెత్ వోయ్నే', అంటే యుద్ధం వద్దు అన్న మాటని చుక్కల్లో రాశారు: మూడు చుక్కలు, ఖాళీ, అయిదు చుక్కలు. అక్షరం ఒక్కటీ లేదు. అయినా పట్టుకెళ్లారు. ఏమీ రాయని తెల్లకాగితం పట్టుకున్నవాళ్లనీ తీసుకెళ్లారు. త్యూమెన్‌లో ఒకామె సుద్దముక్కతో రెండో మాటలో మొదటి అక్షరం, చివరి అక్షరం ఉంచి మధ్యలో చుక్కలు పెట్టింది. కోర్టులో అడిగితే, నేను రాసింది 'వోబ్లా' వద్దని, అది నాకు పడని ఎండు చేప అంది. రష్యన్‌లో అక్షరాలు సరిగ్గా సరిపోతాయి! మొదట కేసు కొట్టేశారు. తర్వాత పై కోర్టు తిరగదోడింది, చివరికి జరిమానా పడింది.

మాత్రలబుట్ట:
ఆహా! అసలు పాఠాంతరం అంటే ఇదీ.

ఖమ్మం కుర్రోడు:
నవ్వొచ్చే కేసులే కాదు కదా అన్నా. సాషా స్కోచిలెంకో అనే చిత్రకారిణి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో ధర చీటీలు తీసి, అదే సైజులో తను రాసినవి పెట్టింది. యుక్రెయిన్ నగరం మరియుపోల్‌లో జనం తలదాచుకున్న ఆర్ట్ స్కూల్ మీద బాంబు పడిందని ఒక దాని మీద రాసింది. సరుకు ధర చూడబోయిన ఒక పెద్దావిడ అది చదివి ఫిర్యాదు చేసింది. 2023 నవంబర్‌లో ఏడేళ్ల శిక్ష. 2024 ఆగస్టులో ఖైదీల మార్పిడిలో బయటపడింది. నాకు శిక్ష కంటే ఆ పెద్దావిడే ఎక్కువ గుర్తుంటుంది.

రాదుగ పాఠకుడు:
ఆ పెద్దావిడ ఎవరో, ఏ భయంతో చేసిందో మనకేం తెలుసు?

ఖమ్మం కుర్రోడు:
తెలియదు. అందుకే గుర్తుంటుంది.

కొత్తపేట పాఠకుడు:
మళ్లీ పాదం దగ్గరికి రండి బాబూ. 'ఆహరణ' గురించి నాదొక అనుమానం. అందరూ దోచుకోవడం అంటున్నారు, ఆహారం కూడా ఆ ధాతువే కదా. "దరిద్రులను కాల్చుకు తినడం" కొంచెం కిందే ఉంది. కాబట్టి ఒకరినొకరు తినడం అనే అర్థం ఎందుకు కాకూడదు? అప్పుడు 'పరస్వ' అసలు కుదరదు. సొమ్ముని తినడం తెలుగు నుడికారం, సంస్కృతంలో నడవదు.

యతిమైత్రి:
మత్స్యన్యాయం అన్నమాట. బాగుంది గానీ మత్స్యన్యాయంలో పెద్ద చేప చిన్న చేపని తింటుంది, పరస్పరం తినుకోవు. మీ వాదన తిరిగి కుర్రోడి వైపే పోయింది, చూసుకోండి.

ఉద్యోగపర్వం:
"పిశాచగణ సమవాకారం" ఉంది కదా, అది ఇంకా ఎవరూ ఎత్తలేదు. సమవాకారం అంటే దశరూపకాల్లో, అంటే పది రకాల సంస్కృత నాటకాల్లో, ఒకటి. దానికి ప్రధానం వీరరసం. దాన్ని పట్టుకుని "బీభత్స రసప్రధానం" అన్నాడు. తెలిసే తిప్పాడు. విజయోత్సవాల్లో వీరం అని చూపించేది బీభత్సమని. మీ పదమూడో మాత్ర గొడవ కూడా అక్కడే తీరుతుంది, తాళం తప్పించడమూ తెలిసే.

మాత్రలబుట్ట:
తెలిసే తప్పించాడు అనేది ప్రతి వ్యాఖ్యాత చివరి అస్త్రం.

గోదారిగట్టు:
పెద్దలందరికీ నమస్కారం. ప్రింటింగ్ వాడు సాయంత్రం లోపు మేటర్ పంపమన్నాడు. పరస్పరమా, పరస్వమా?

ఖమ్మం కుర్రోడు:
"పరపీడన పరాయణత్వం" రాయించండి. పీడించినవాడు ఒక్కడే, అనుమానం లేదు.

రాదుగ పాఠకుడు:
ఎవడో చెప్పలేదు కాబట్టి నాకూ అభ్యంతరం లేదు.

కొత్తపేట పాఠకుడు:
పైన "ఏ దేశచరిత్ర చూచినా" కూడా వేయించండి. 'చూసినా' అని వేస్తాడు, ప్రూఫు చూడండి.

యతిమైత్రి:
'చూసినా' వేస్తే ఏమైంది? మాత్రలు అవే.