షాన్ డైచ్ 4-4-2: అన్నేసి షాట్లు పడనిచ్చి గోల్స్ ఎలా ఆపాడు?

కార్నర్‌జెండా:
2017-18 ప్రీమియర్ లీగ్‌లో షాన్ డైచ్ మేనేజర్‌గా ఉన్న బర్న్లీ, 4-4-2 (వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు) ఆడి 38 మ్యాచ్‌ల్లో కొట్టింది 36 గోల్స్, ఇచ్చింది 39. కొట్టినవాటికన్నా ఇచ్చినవే ఎక్కువ, అయినా 54 పాయింట్లు, ఏడో స్థానం, యూరోపా లీగ్ క్వాలిఫయర్లు! బంతి చూస్తే ఎప్పుడూ అవతలివాళ్ల కాళ్ల దగ్గరే. ఇది గోల్‌కీపర్ చలవా, పద్ధతా? డైచ్ స్వతహాగా సెంటర్‌బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్) కాబట్టే ఇలా ఆడించాడా? 16-17 ఏళ్ల కుర్రాళ్లకి ఇదే నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ బెడిసికొడుతుంది?

జెర్సీ5:
కీపర్లు మంచివాళ్లే, కాదనను. కానీ ఆ సీజన్ సెప్టెంబర్‌లో కీపర్ హీటన్ భుజం జారి బయటికెళ్తే పోప్ వచ్చాడు, సీజన్ అయ్యేసరికి ఇంగ్లండ్ ప్రపంచకప్ జట్టులో ఉన్నాడు. అంతకుముందు వేసవిలోనే సెంటర్‌బ్యాక్ కీన్‌ని ఎవర్టన్‌కి అమ్మేస్తే ఆ చోటు టార్కౌస్కీ తీసుకున్నాడు. ఇద్దరు మారినా గోడ కదల్లేదంటే పద్ధతిలో ఏదో ఉన్నట్టే.

షాట్లు ఎన్ని అని కాదు, షాట్ కొట్టేటప్పుడు బంతికీ గోల్‌కీ మధ్య ఎంతమంది నిలబడ్డారో చూడండి. అప్పట్లో వాడిన ఎక్స్‌జీ (ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే అంచనా) లెక్కలు చాలావరకు దూరం, కోణం, కాలా తలా అన్నవే చూసేవి. మధ్యలో సెంటర్‌బ్యాక్‌లు టార్కౌస్కీ, బెన్ మీ అడ్డంగా ఉన్నారన్న సంగతి వాటికి పట్టేది కాదు.

ఇక కొలతలు. మైదానం వెడల్పు 68 మీటర్లు, పెనాల్టీ బాక్స్ వెడల్పు 40 పైచిలుకు. నలుగురితో 68 కాయలేం, 40 కాయొచ్చు. అందుకే వెనక నలుగురూ బాక్స్ వెడల్పు దాటరు. ఒకరికీ ఇంకొకరికీ మధ్య 8-10 మీటర్లు, వాళ్లకీ మిడ్‌ఫీల్డ్ నలుగురికీ మధ్య 10-12. పక్కల చోటు కావాలనే వదిలేస్తారు. అక్కణ్ణుంచి క్రాస్ (పక్కనుంచి బాక్స్‌లోకి వేసే బంతి) వస్తుంది, దానికి ఎదురుగా నిలబడ్డ సెంటర్‌బ్యాక్ తలతో కొట్టి పంపేస్తాడు. వెనక్కి పరిగెత్తుతూ కొట్టే హెడర్‌కీ ముందుకు వస్తూ కొట్టే హెడర్‌కీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

కుర్రాళ్లకైతే మొదటి వారం ట్యాకిల్ మాటే ఎత్తకండి. బంతి మీ చేత్తో పట్టుకుని కుడికీ ఎడమకీ నడవండి, ఎనిమిదిమందీ ఒకే తాడుకి కట్టినట్టు జరగాలి. ఆ తర్వాత ఎనిమిదిమంది దాడికి ఎనిమిదిమంది కాపు, సగం మైదానంలో. బెడిసికొట్టేది ఎక్కువగా వైడ్ మిడ్‌ఫీల్డర్ దగ్గర. వాడు అవతలి ఫుల్‌బ్యాక్ (పక్క కాసే డిఫెండర్) వెంట పూర్తిగా వెళ్లిపోతే మీ ఫుల్‌బ్యాక్‌కీ సెంటర్‌బ్యాక్‌కీ మధ్య దారి పడుతుంది. అసలు వెళ్లకపోతే ఇద్దరు కలిసి మీ ఫుల్‌బ్యాక్‌ని మింగేస్తారు. క్రాస్ కొట్టేవాడికి రెండు మీటర్ల దూరంలో ఆగాలి, మీద పడి దాటించుకోకూడదు. షాట్‌కి అడ్డుపడేటప్పుడు చేతులు వెనక్కి. ఇది చెప్పడం మరిచిపోతే ప్రతి ఆదివారం ఒక పెనాల్టీ ఇచ్చుకుంటారు.

లాంగ్‌త్రో:
సెంటర్‌బ్యాక్ కాబట్టే అనడం సులువు, నిలవదు. పొచెటినో కూడా సెంటర్‌బ్యాకే, ఆయన టాటెన్‌హామ్ అవతలివాళ్ల బాక్స్ దగ్గరే మీద పడేది. 

డైచ్‌కి పద్ధతి వచ్చింది లేమి నుంచి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో కుర్రాడిగా ఉండి సీనియర్ జట్టులో ఒక్క లీగ్ మ్యాచ్ ఆడలేదు. చెస్టర్‌ఫీల్డ్‌కి వెళ్లాడు. 1997 ఎఫ్‌ఏ కప్ సెమీస్‌లో మూడో అంచె జట్టు కెప్టెన్‌గా మిడిల్స్‌బ్రో మీద పెనాల్టీ కొట్టి 2-0 చేశాడు. చివరికి 3-3, రీప్లేలో 0-3. ఆ తర్వాత బ్రిస్టల్ సిటీ, మిల్‌వాల్, వాట్‌ఫర్డ్, నార్తాంప్టన్. కోచింగ్ కూడా మెట్టు మెట్టుగానే: వాట్‌ఫర్డ్ కుర్రాళ్ల జట్టు, సహాయకుడు, 2011లో మేనేజర్. లీగ్‌లో 11వ స్థానం తెచ్చినా యజమానులు మారగానే తీసేశారు, అప్పుడు బర్న్లీకి వచ్చాడు.

నా లెక్కలో అసలు మలుపు 2015. బర్న్లీ 33 పాయింట్లతో కింది లీగ్‌కి దిగిపోయినా క్లబ్ అతన్ని తీసెయ్యలేదు. మరుసటి ఏడాది 93 పాయింట్లు, ఛాంపియన్‌షిప్ (రెండో అంచె లీగ్) టైటిల్. చిత్రమేమిటంటే 2014లో పైకెక్కినప్పుడూ సరిగ్గా 93, అప్పుడు మాత్రం రెండో స్థానం.

ఆఫ్‌సైడ్‌వల:
పొగడ్తల మధ్య ఒక ముల్లు. ఈ పద్ధతికి పొడుగు ఫార్వర్డ్ ప్రాణం. గోడ నుంచి బంతి బయటికి తన్నితే పైన ఆపేవాడు ఉండాలి, లేకపోతే పది సెకన్లలో తిరిగొస్తుంది. 2022 జనవరిలో అలాంటి ఫార్వర్డ్ క్రిస్ వుడ్‌ని రిలీజ్ క్లాజ్ (ఒప్పందంలో ముందే రాసుకున్న విడుదల మొత్తం) కట్టి న్యూకాసిల్ ఎగరేసుకుపోయింది. బదులొచ్చిన వెగోర్స్ట్ లీగ్‌లో కొట్టింది రెండు గోల్స్. ఏప్రిల్‌లో, ఎనిమిది మ్యాచ్‌లు మిగిలుండగా డైచ్‌ని పంపేశారు. అయినా జట్టు దిగిపోయింది.

డైచ్ తర్వాత వెళ్లిన ఎవర్టన్‌లోనూ అదే కథ. 2023-24లో 8 పాయింట్లు కోతపడినా 40తో 15వ స్థానం, ఇచ్చినవి 51 గోల్సే. కొట్టింది మాత్రం 40. లివర్‌పూల్‌ని 2-0తో ఓడించిన రోజు ఒకటి ఫ్రీకిక్ నుంచి, రెండోది కార్నర్ నుంచి. మామూలు ఆటలో గోల్ రాదు కాబట్టి సెట్‌పీస్ ప్రాక్టీస్ ఇక్కడ సరదాకి చేసేది కాదు, బువ్వ పెట్టేది.

కార్నర్‌జెండా:
థాంక్సండీ. పొడుగు కుర్రాడు లేడు. ఇద్దరు ఫార్వర్డ్‌లూ పొట్టి, పరుగు మాత్రం ఉంది. ఏం చెయ్యాలి?

జెర్సీ5:
అయితే బంతి వాళ్ల తలకి కాకుండా ఫుల్‌బ్యాక్ వెనక మూలకి వెయ్యమనండి. ఒకడు దానికి పరిగెత్తాలి, రెండోవాడు మధ్య గీత దగ్గరే ఉండాలి. బంతి దొరక్కపోయినా పర్లేదు, అక్కడ త్రో వచ్చినా గోడ పది మీటర్లు ముందుకు జరుగుతుంది. ఇద్దరూ ఒకే బంతికి పరిగెడితే మాత్రం ఆపి మళ్లీ చేయించండి.